చాచా రిజిస్టర్‌లో కాయినాత్

కాజీపేట లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన చాచా ఒకాయన ఉన్నారు. రక్త సంబంధం కాదు, మా అబ్బాకు దోస్తు. నా చిన్నప్పుడు ఈద్‌కు రెండు రూపాయల కొత్త నోటు ఇచ్చేది ఆయనే. ఎనిమిదేళ్ల కింద ఒకరోజు మగ్రిబ్ తర్వాత ఇంటికి వచ్చి, సంచిలోంచి అట్ట వేసిన రైల్వే రిజిస్టర్ ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. లోపల కుడి నుంచి ఎడమకు ఉర్దూ రాత, మధ్య మధ్య ఎడమ నుంచి కుడికి లెక్కలు, స్కేలు పెట్టి గీసిన గుండ్రాలు. మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో సర్నామా: మన కాయినాత్ మొత్తం ఒక సియాహ్ సూరాఖ్ లోపల ఉంది.

"పేపర్లో వేస్తావా బేటా?" అన్నారు.

జర్నలిస్టు ఇంటికి ఇలాంటి కాగితాలు వస్తూనే ఉంటాయి. ఐన్‌స్టీన్ తప్పు అని ఒకరు, గురుత్వాకర్షణే లేదని ఒకరు, పెట్రోల్ లేకుండా నడిచే బండి అని ఇంకొకరు. వీటన్నిటికీ మా దగ్గర తయారుగా ఉండే జవాబు ఒకటే: "చూస్తాను, ఉంచండి." చాచాకూ అదే చెప్పాను. ఆయన పోయాక మా ఆవిడతో కలిసి నవ్వుకున్నాను కూడా. రిజిస్టర్ అల్మారా మీదికి చేరింది. పోయిన రంజాన్ ముందు ఇల్లు సున్నం వేయిస్తుంటే మళ్లీ దొరికింది. ఈసారి కూర్చుని చదివాను. చదివాక నా నవ్వు మీద నాకే సిగ్గేసింది. ఎందుకో చెప్పాలంటే ముందు నా సొంత ఖాతా ఒకటి తెరవాలి.

2008 సెప్టెంబరు గుర్తుందా మీకు? రంజాన్ మొదటి అష్రా నడుస్తోంది. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో భూమి కింద 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగంలో ఒక యంత్రం నడపబోతున్నారని, దానిలోంచి బ్లాక్ హోల్ పుట్టి భూమిని మింగేస్తుందని టీవీల్లో రాత్రింబగళ్లు ఒకటే మోత. నేనప్పుడు ఒక పత్రికకు కొత్త రిపోర్టర్‌ని. డెస్కు నుంచి ఫోన్ వచ్చింది, "జనం ఏమనుకుంటున్నారో ఐటమ్ పంపు" అని. పంపాను. "రేపే ప్రళయమా?" అని హెడ్డింగు కూడా నేనే పెట్టి పంపాను. ప్రశ్నార్థకం ఉంది కదా, అబద్ధం కాదు కదా అని నాకు నేనే తసల్లీ చెప్పుకున్నాను. ఆ రాత్రి తరావీహ్‌లో సఫ్‌లు వరండా దాటి బయటికి వచ్చాయి. పక్కింటి పిల్లవాడు నా చెయ్యి పట్టుకుని, "భాయ్, రేపు స్కూలుకు పోవాల్నా వద్దా?" అని అడిగాడు. మా అమ్మీ ముసల్లా మీద కూర్చుని లేవలేదు.

10వ తారీఖు బుధవారం గడిచింది. ఏమీ కాలేదు. తమాషా ఏమిటంటే ఆ రోజు ఆ యంత్రంలో కణాలు ఢీకొట్టనే లేదు. ఒక ప్రోటాన్ల ధారను గుండ్రంగా తిప్పి చూశారు, అంతే. తొమ్మిది రోజులకే యంత్రం చెడిపోయి ఏడాదికి పైగా మూలన పడింది. మొదటి ఢీ 2009 నవంబరులో జరిగింది, అప్పుడు మన టీవీలకు ఆ ఊసే లేదు. ఒక్క ఫోన్ చేసి ఉంటే, లేకపోతే పది నిమిషాలు చదివి ఉంటే ఇవన్నీ ముందే తెలిసేవి. ఆ యంత్రంలో జరిగేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ శక్తితో అంతరిక్షం నుంచి కణాలు వచ్చి కోట్ల ఏళ్లుగా మన నెత్తిమీది గాలిని కొడుతూనే ఉన్నాయి. అయినా భూమి ఉంది. ఈ ఒక్క వాక్యం నా ఐటమ్‌లో లేదు.

కానీ అదే రోజుల్లో మధ్యప్రదేశ్‌లో పదహారేళ్ల అమ్మాయి ఒకతె ఆ టీవీ ప్రోగ్రాములు చూసి భయపడి ప్రాణం తీసుకుందని వార్త వచ్చింది. ఆ అమ్మాయి నా ఐటమ్ చదవలేదు, ఆమెకు తెలుగు రాదు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఆ హెడ్డింగు కటింగ్ నేను పారేయలేదు, ఫైల్లోనే ఉంది.

అందుకే అంటున్నాను, తోచింది నోట్‌బుక్‌లో రాసుకునే చాచాకు నవ్వి, తోచింది పత్రికలో అచ్చు వేసుకునే నాకు సలాం కొట్టే హక్కు ఎవరికీ లేదు. ఆయన ఖయాల్ ఆయన అల్మారా దాటలేదు. నాది పొద్దున ఆరింటికల్లా ఇంటింటికీ చేరింది.

ఇక రిజిస్టర్ సంగతి. కాయినాత్ మొత్తం ఒక బ్లాక్ హోల్‌లో ఉంది అనడం పిచ్చి మాటా? కాదు. 1972లో ఆర్.కె. పథ్రియా అనే మన దేశంలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త ఇదే మాటను, లెక్కతో, 'నేచర్' పత్రికలో రాశారు. ప్రపంచంలో అంతకంటే పెద్ద సైన్సు పత్రికలు రెండో మూడో ఉంటాయేమో. చాచాకు పథ్రియా ఎవరో తెలియదు. నాకూ తెలియదు, వెతికేదాకా.

లెక్క ఇలా ఉంటుంది. ఏ వస్తువునైనా ఒక హద్దు లోపలికి కుక్కితే దానిలోంచి వెలుగు కూడా బయటికి రాదు. భూమిని కుక్కాలంటే 9 మిల్లీమీటర్ల వ్యాసార్థంలోకి, అంటే మనం చిన్నప్పుడు ఆడిన గోలీ అంత చేయాలి. సూర్యుణ్ణయితే 3 కిలోమీటర్ల వ్యాసార్థంలోకి. బరువు రెండింతలైతే ఆ హద్దు కూడా రెండింతలే అవుతుంది. ఇక్కడే ఒక మెలిక ఉంది. వ్యాసార్థం రెండింతలైతే లోపలి జాగా ఎనిమిదింతలు అవుతుంది. అంటే బ్లాక్ హోల్ ఎంత పెద్దదైతే సగటున అంత పల్చన. 2019 ఏప్రిల్ 10న ఫొటో విడుదల చేశారు చూడండి, నారింజ రంగు కంకణంలాగా, 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎం87 గెలాక్సీ నడుమ ఉన్నది. అది 650 కోట్ల సూర్యుల బరువు. దాని హద్దు లోపలి జాగాతో ఆ బరువును భాగిస్తే ఘనమీటరుకు అర కిలో కూడా రాదు. మనం పీల్చే గాలి ఘనమీటరుకు కిలో పైన ఉంటుంది. బ్లాక్ హోల్ అంటే ఇనుము కంటే గట్టిగా కుక్కిన ముద్ద అని నేను నలభై ఏళ్లు అనుకున్నాను. ఇంత పెద్దదాని సగటు చూస్తే గాలి కంటే పల్చన.

ఇదే లెక్కను ఇంకా పెంచుకుంటూ పోతే? మన కాయినాత్‌లో ఉన్నదంతా సమంగా పరిచితే ఘనమీటరుకు ఐదారు హైడ్రోజన్ పరమాణువులంత పడుతుంది. అంత పల్చదనానికి బ్లాక్ హోల్ హద్దు ఎంత రావాలో లెక్క వేస్తే సుమారు 1400 కోట్ల కాంతి సంవత్సరాలు వస్తుంది. కాయినాత్ ఎంత వేగంగా విస్తరిస్తోందో దాన్నిబట్టి వేసే కొలత కూడా అంతే. రెండు లెక్కలు ఒకచోట కలుస్తాయి. ఈ సంగతి మొదటిసారి అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే చాచా గెలిచినట్టేనా? ఇక్కడే ఆయన నవాసీ కథలోకి వస్తుంది. ఇంటర్ ఎంపీసీ, ఈ ఏడే పరీక్షలు రాసింది. రిజిస్టర్ తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ పిల్ల నా చేతిలోంచి లాక్కుని నాలుగు రోజులు ఉంచుకుంది. మార్జిన్‌లో పెన్సిల్‌తో, చిన్న చిన్న తెలుగు అక్షరాలతో, నానా రాతను పోగొట్టకుండా నోట్సు రాసింది. ఒకచోట "ఇది కరెక్ట్ నానా, కానీ మీరు గుణించడం మర్చిపోయారు." ఇంకోచోట "ఈ రెండు నంబర్లు కలిసినంత మాత్రాన రెండూ ఒకటే కావు." నేను జర్నలిస్టుగా ఇరవై ఏళ్లలో ఎన్నో ఎడిటింగులు చూశాను, ఇంత అదబ్‌తో చేసిన ఎడిటింగు చూడలేదు.

ఆమె అభ్యంతరం ఏమిటంటే, బ్లాక్ హోల్‌లో పడ్డవాడికి ఆ గడ్డు చివర ముందు వస్తుంది, తప్పించుకోలేడు. మనకేమో ఆ గడ్డు సమయం వెనక ఉంది, 1380 కోట్ల ఏళ్ల కింద. మనం దానిలోకి పోవడం లేదు, దాని నుంచి దూరంగా వస్తున్నాం. ఇది తలకిందులైన బ్లాక్ హోల్ లాంటిది. పైగా బ్లాక్ హోల్‌కు బయట అంటూ ఒకటి ఉండాలి. కాయినాత్‌కు బయట ఏముంది? ఈ ప్రశ్న దగ్గర ఆమె పెన్సిల్ ఆగిపోయింది. పెద్ద పెద్దవాళ్ల పెన్సిళ్లూ అక్కడే ఆగాయి. పథ్రియా తర్వాత కూడా ఈ దారిలో రాస్తున్నవాళ్లు ఉన్నారు, ఒప్పుకోనివాళ్లు అంతకంటే ఎక్కువ ఉన్నారు.

చాచా రెండో దావా మాత్రం పూర్తిగా తప్పు. రాత్రి చీకటిగా ఎందుకుంటుంది? బ్లాక్ హోల్ లోపలి గోడ నల్లగా ఉంటుంది కాబట్టి, అని రాశారు. నవ్వకండి. ప్రశ్న మాత్రం మహా గట్టిది. ఆకాశానికి అంతు లేకుండా, మొదలు లేకుండా, అన్ని దిక్కులా నక్షత్రాలు నిండి ఉంటే ఎటు చూసినా చూపు ఏదో ఒక నక్షత్రానికి తగలాలి, రాత్రి కూడా పగలులా వెలగాలి. ఓల్బర్స్ అనే జర్మన్ డాక్టర్ 1823లో ఈ చిక్కును అందరి ముందుకు తెచ్చాడు. రోజంతా రోగులను చూసి, రాత్రి ఇంటి మీద దూర్బీన్ పెట్టుకున్న మనిషి. సరైన జవాబు దిక్కుకు మొదట చెయ్యి చూపినవాళ్లలో ఒకడు సైంటిస్టు కూడా కాదు. భయం కథలు రాసే అమెరికా కవి ఎడ్గార్ ఎలన్ పో. 1848లో 'యురేకా' అని ఒక పుస్తకం రాశాడు. దూరపు నక్షత్రాల వెలుగు ఇంకా మన దాకా చేరలేదు, అందుకే చీకటి అన్నాడు. అంటే కాయినాత్‌కు ఒక వయసు ఉందన్నమాట. ఆ పుస్తకంలో మిగిలిందాంట్లో చాలా భాగం గాలి మాటలే. ఈ ఒక్కటి నిలబడింది.

పో కంటే ముందు 1783లో ఇంగ్లండులో జాన్ మిచెల్ అనే చర్చి పాదరీ, సూర్యుడికి 500 రెట్లు అడ్డకొలత ఉండి అదే చిక్కదనం ఉన్న నక్షత్రం ఉంటే దాని వెలుగు బయటికి రాలేదని లెక్క కట్టాడు. బ్లాక్ హోల్ అనే పేరు పుట్టడానికి దాదాపు రెండు వందల ఏళ్ల ముందు. ఆ పాదరీకి, మా చాచాకు షౌక్‌లో తేడా లేదు. పాదరీ గుణించడం మర్చిపోలేదు, అంతే తేడా.

మన దగ్గర ఈ షౌక్ లేదా అంటే, ఉంది. మన పిల్లలకు మనమే చెప్పడం లేదు. హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీని 1901లో మొదలుపెట్టింది ఏ యూనివర్సిటీనో కాదు, నవాబ్ జఫర్ జంగ్ అనే షౌఖీన్ మనిషి. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూర్బీన్ తెప్పించుకున్నాడు. ఆయన పోయాక సర్కారు దాన్ని తీసుకుంది, తర్వాత ఉస్మానియాకు చేరింది. ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని నక్షత్రాల పటం గీస్తుంటే, అందులో ఒక వాటా మన బేగంపేట గీసింది, లక్షల నక్షత్రాలు లెక్కపెట్టి. ఆ అబ్జర్వేటరీలో పనిచేసే ఒక అసిస్టెంటు కొడుకే వైను బప్పు. నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ సర్కారు వజీఫాతో హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక తోకచుక్క మీద తన పేరు రాయించుకున్నాడు.

నేను ఉర్దూ మీడియంలో పదో తరగతి చదివాను. గురుత్వాకర్షణ నాకు మొదట "కషిష్-ఎ-సిఖ్ల్"గా పరిచయం. డిగ్రీ తెలుగులో చేశాను కాబట్టి రెండు పేర్లూ నోట్లో ఉన్నాయి. బ్లాక్ హోల్‌ను తెలుగు పుస్తకాలు కృష్ణబిలం అంటాయి, ఉర్దూ వాళ్లు సియాహ్ సూరాఖ్ అంటారు. నిజానికి అది బిలమూ కాదు, సూరాఖూ కాదు. ఉర్దూ మీడియం అంటే మా కాలేజీలో కొందరు చులకనగా చూసేవాళ్లు, సైన్సు ఎక్కడ వస్తుంది వీళ్లకు అని. అప్పుడు నాకు రజియుద్దీన్ సిద్దీఖీ పేరు తెలిసి ఉంటే బాగుండేది. 1908లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉర్దూలో పాఠాలు చెప్పే ఉస్మానియాలో చదివాడు. అక్కడి నుంచి కేంబ్రిడ్జి, తర్వాత లైప్జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర పరిశోధన. తిరిగొచ్చి అదే ఉస్మానియాలో గణితం చెప్పాడు, రిలేటివిటీ మీద ఉర్దూలో పుస్తకం రాశాడు. దారుల్ తర్జుమాలో కూర్చుని సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి దించినవాళ్లు ఎంత మెహనత్ చేశారో, మా బడిలో పాఠం చెప్పిన మాస్టరుకు కూడా తెలియదు.

ఇప్పుడు అసలు గొడవకు వస్తాను. కొందరికి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

మన ఫ్యామిలీ గ్రూపుల్లో వారానికి ఒక్కసారైనా ఒక వీడియో తిరుగుతుంది. వెనక నాత్ లాంటి సంగీతం, ముందు నారింజ కంకణం ఫొటో, కింద ఒక ఆయత్. సూరె అంబియా 30వ ఆయత్ చూపించి బిగ్ బ్యాంగ్ అంటారు. సూరె తక్వీర్‌లోని రెండు పదాలు చూపించి అవే బ్లాక్ హోల్స్ అంటారు. "సుభానల్లాహ్, సైంటిస్టులు ఇప్పుడు కనుక్కున్నారు, మనకు పద్నాలుగు వందల ఏళ్ల కిందే తెలుసు." అలా అయితే పద్నాలుగు వందల ఏళ్లలో మనలో ఒక్కరైనా ముందే ఎందుకు చెప్పలేదని ఆ పిల్ల, అదే చాచా నవాసీ, గ్రూపులో అడిగింది. జవాబు రాలేదు. "అమ్మాయిలు ఇలాంటివి అడగకూడదు" అని ఒక పెద్దాయన రాశారు. మూడు బొటనవేళ్లు పడ్డాయి ఆ మెసేజీకి.

సూరె తక్వీర్‌లోని ఆ పదాలకు పాత ముఫస్సిర్లలో కొందరు వెనక్కి తిరిగి దాక్కునే గ్రహాలు, నక్షత్రాలు అన్నారు. కొందరు పొదల్లో దాక్కునే అడవి జింకలు అన్నారు. వాళ్లెవరూ తక్కువ ఆలిములు కాదు. రెండు అర్థాలనూ పక్క పక్కన ఉంచి, అల్లాహ్‌కే బాగా తెలుసు అని వదిలేశారు. ఆ ఓపిక మన ఫోనుకు లేదు. పక్క వీధి గ్రూపుల్లో వేదాల పేరు మీద ఇదే పని జరుగుతోందని నాకు తెలుసు, వాళ్ల సంగతి వాళ్లలో ఒకరు రాస్తే బాగుంటుంది.

నా భయం ఏమిటంటే, సైన్సు మాట మారుతుంది. మారడమే దాని పని. 1940లు, 50లలో ఫ్రెడ్ హాయిల్ వంటి పెద్దవాళ్లు కాయినాత్‌కు మొదలే లేదన్నారు. అది ఎప్పుడూ ఇలాగే ఉంది, ఇలాగే ఉంటుందన్నారు. "బిగ్ బ్యాంగ్" అనే పేరు కూడా 1949లో బీబీసీ రేడియోలో ఆయన నోటి నుంచే వచ్చింది. ఆ రోజుల్లో ఎవరో ఒక మౌల్వీ సాబ్ హాయిల్ సిద్ధాంతానికి సరిపోయే ఆయత్ వెతికి వాజ్ చేసి ఉంటే ఏమయ్యేది? 1965లో ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలకు ఆకాశం అన్ని దిక్కుల నుంచి ఒకటే సన్నటి రేడియో సొద వినిపిస్తోందని, అది కాయినాత్ తొలి వేడి మిగులని తేలింది. హాయిల్ మాట పడిపోయింది. అప్పుడు ఆ వాజ్‌ను ఏం చేసేవాళ్లం?

ఆ సొద గురించి ఒక మాట. మన ఇళ్లలో డాబా మీద యాంటెన్నా తిప్పే రోజుల్లో చానల్ దొరకనప్పుడు టీవీలో చీమలు పాకినట్టు చుక్కలు వచ్చేవి గుర్తుందా? అందులో నూటికి ఒక వంతు అదే. 1380 కోట్ల ఏళ్ల పాత వెలుగు. మా అబ్బా దాన్ని చూసి టీవీ నెత్తి మీద కొట్టేవారు.

బిగ్ బ్యాంగ్ ఆలోచనను మొదట గట్టిగా ముందుకు తెచ్చినవాళ్లలో జార్జ్ లమెత్ర్ ఒకడు. బెల్జియం మనిషి, కేథలిక్ పాదరీ. 1931లో కాయినాత్ మొత్తం ఒకే ఆదిమ అణువు నుంచి వచ్చిందన్నాడు. 1951 నవంబరులో పోప్ ఒక సభలో, ఇదిగో సైన్సు కూడా సృష్టిని రుజువు చేసింది అన్నట్టు మాట్లాడారు. పాదరీ అయిన లమెత్ర్ సంతోషించాలి కదా? కలత చెందాడు. నా సిద్ధాంతాన్ని ఈమాన్‌కు సాక్షిగా నిలబెట్టకండి అన్నది ఆయన పట్టు. మరుసటి ఏడు రోమ్‌లో ఖగోళ శాస్త్రవేత్తల ముందు మాట్లాడినప్పుడు పోప్ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. సొంత సిద్ధాంతం, సొంత మజ్హబ్, సొంత పోప్, అయినా వద్దన్నాడు. మన గ్రూపుల్లో ఆ సిద్ధాంతం మనది కాదు, లెక్క మనం చేయలేదు, దలీల్ మాత్రం మనదే అంటాం.

ఇది బయటివాళ్ల దగ్గర నేర్చుకోవలసిన పాఠం కూడా కాదు. ఇమామ్ గజాలీ తొమ్మిది వందల ఏళ్ల కింద ఫిలాసఫర్లతో కాయినాత్ పుట్టుక మీదే పెద్ద బహస్ చేశారు. ఆ 'తహాఫుతుల్ ఫలాసిఫా' పుస్తకం మొదట్లోనే ఒక హెచ్చరిక ఉంది. గ్రహణాల లెక్క వంటి రుజువైన విషయాన్ని దీన్ పేరు మీద కాదనేవాడు దీన్‌కే నష్టం చేస్తాడని ఆయన ఉద్దేశం. కాదనడం ఎంత నష్టమో, రుజువు కానిదాన్ని దీన్ పేరు మీద అవుననడం కూడా అంతే నష్టమని నా సమఝ్. తప్పయితే ఆలిములు దిద్దండి.

గ్రహణం అంటే గుర్తొచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలంగాణ మీదుగా పోయింది. రంగాపూర్ అబ్జర్వేటరీకి దేశ దేశాల సైంటిస్టులు వచ్చారు. నేనప్పుడు అమ్మీ కడుపులో ఉన్నాను. దాదీ ఆమెను గదిలో పెట్టి తలుపు, కిటికీ మూసి, కత్తి, సూది ముట్టనివ్వలేదట. బయట ప్రపంచం దూర్బీన్లు పెట్టుకుని చూస్తుంటే నేను రెండు చీకట్ల లోపల ఉన్నానన్నమాట. దాదీని తప్పు పట్టను. ఆమెకు ఎవరూ చెప్పలేదు. మనకు చెప్పేవాళ్లు ఉన్నారు, వినడం లేదు.

మా వృత్తి వాళ్లం మారామా అంటే, లేదు. 2025 మార్చిలో కొత్త అంతరిక్ష దూర్బీన్ ఫొటోల్లోని 263 గెలాక్సీలను ఒక పరిశోధకుడు లెక్కపెట్టి, ఎక్కువ భాగం ఒకే దిక్కుకు తిరుగుతున్నాయన్నాడు. దానికి రెండు కారణాలు ఉండవచ్చని ఆయనే చెప్పాడు. కాయినాత్ పుట్టుకతోనే తిరుగుతూ ఉండవచ్చు, బ్లాక్ హోల్ లోపలి కాయినాత్ అనే ఖయాల్‌కు అది సరిపోతుంది. లేదా మన గెలాక్సీ తిరుగుడు వల్ల మన కొలతలోనే ఏదో తేడా పడి ఉండవచ్చు. అచ్చులో, టీవీలో ఏది వచ్చింది? మొదటిది. రెండోది చివరి పేరాలో, అది కూడా జాగా ఉంటే. చాచా ఆ కటింగ్‌ను రిజిస్టర్‌లో అంటించుకున్నారు, నా మాట నిజమైంది చూడు అని. చివరి పేరా కత్తిరించిన తప్పు ఆయనది కాదు.

మొన్న ఇషా తర్వాత వాళ్ల డాబా మీద కూర్చున్నాం. కరెంటు పోయింది. కాజీపేట యార్డు దీపాలు తప్ప చుట్టూ చీకటి. చాచా రిజిస్టర్ ఒళ్లో పెట్టుకుని, రాత్రి చీకటి గురించి తాను రాసిన పేజీ మీద అడ్డంగా ఒక గీత గీశారు. పేజీ చింపలేదు. గీత కింద ఉర్దూలో రాశారు: "ఇది తప్పు. పోతే ఆకాశానికి వయసు ఉంది." పక్కన తారీఖు వేశారు. డెబ్భై ఆరేళ్ల మనిషి. వెనక్కి తీసుకోవడం అంత తేలికగా చేసిన మనిషిని నేను నా వృత్తిలో చూడలేదు, అద్దంలో కూడా.

"మొదటిది మాత్రం వదలను" అన్నారు. "బయట ఏముందో ఇది చెప్పేదాకా." ఇది అంటే నవాసీ.

ఆ పిల్ల డిగ్రీలో ఫిజిక్స్ తీసుకుంటానంటోంది. వాళ్ల అబ్బా ఫార్మసీ అంటున్నారు. ఫిజిక్స్ చదివితే ఏమవుతావు, నీ నానాలాగా రిజిస్టర్ రాసుకుంటావా అన్నారట, అందరి ముందు. చాచా ఏమీ అనలేదు, చెప్పులు వేసుకుని స్టేషన్ దాకా నడిచి వచ్చారు. దోస్త్ అడ్మిషన్ల రిజిస్ట్రేషన్‌కు ఇంకా వారం గడువు ఉంది.

ఆదివారం వచ్చి తన అల్లుడితో మాట్లాడమని నన్ను అడిగారు చాచా. పేపర్లో వేయమని మాత్రం ఈసారి అడగలేదు. వెళ్తున్నాను. రిజిస్టర్ పట్టుకెళ్తున్నాను, ఆ పెన్సిల్ రాత ఉన్న పేజీలకు దారం పెట్టి గుర్తు ఉంచాను. 2008 నాటి నా కటింగ్ కూడా జేబులో పెట్టుకున్నాను.